నాలుగులో పెడితేనే గాలి

ఎర్రగడ్డ రైతుబజారుకు కూరగాయలు తెల్లారకముందే చేరతాయి. సంగారెడ్డి వైపు నుంచీ చేవెళ్ల వైపు నుంచీ టమాటా ట్రేలు, కొత్తిమీర కట్టలు, వంకాయ బస్తాలు వేసుకుని పికప్ బళ్లు వస్తాయి. సరుకు దించాక వాటిలో కొన్ని సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఇనుప సామాను కిరాయికి పోతాయి. కొన్ని యూసుఫ్‌గూడ మీదుగా కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ చేరి షూటింగులకు సెట్ సామాన్లూ లైట్లూ మోస్తాయి. ఏసీ ఉన్న పికప్ ఏదైనా మే నెలలో ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఆగిందంటే, డ్రైవర్ నోట తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది.

"అన్నా, నాలుగుల పెడితేనే గాలి కొడ్తుంది. ఒకటి, రెండు, మూడుల అసలే రాదు."

చేతిలో స్పానర్ పట్టకముందే పరీక్ష ముప్పాతిక వంతు అయిపోయింది. నాలుగో స్పీడులో గాలి వస్తోందంటే బ్యాటరీ నుంచి కరెంటు వస్తోంది, ఫీజు బాగుంది, మోటారు తిరుగుతోంది, ఎర్తింగ్ అందుతోంది. ఇవన్నీ నాలుగు స్పీడులకూ ఉమ్మడి ఆస్తి. ఒకటి, రెండు, మూడుకు మాత్రమే అవసరమై, నాలుగుకు అక్కర్లేని వస్తువు ఆ దారిలో ఒక్కటే ఉంది. మెకానిక్కులు దాన్ని రెసిస్టెన్స్ అంటారు, స్పేర్ పార్ట్స్ కొట్లో బ్లోయర్ రెసిస్టర్ అని అడగాలి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్క, దాని మీద చుట్టలు చుట్టిన తీగలు గానీ పింగాణీ పలక గానీ ఉంటాయి.

ఇంత తేటగా చెప్పిన లక్షణానికి కూడా "గ్యాస్ అయిపోయింది, నింపించుకో" అనే వైద్యం జరుగుతూ ఉంటుంది. గ్యాస్‌కూ గాలికీ సంబంధం లేదు. గ్యాస్ తగ్గితే వచ్చే గాలి చల్లగా ఉండదు. గాలే రాకపోతే ఆ తప్పు గ్యాస్‌ది కాదు. ఈ రెండు ఫిర్యాదులనూ విడదీసి వింటే ఎన్నో అనవసరపు బిల్లులు తప్పుతాయి.

బండి ఏసీలో బ్లోయర్‌కు, అంటే గాలిని విసిరే ఫ్యాన్‌కు, ఉన్న స్థానం ఏమిటో తెలియాలంటే కంపెనీ నుంచే ఏసీతో వచ్చిన మొట్టమొదటి కారును చూడాలి. 1939లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ, మరుసటి ఏడాది మోడల్‌గా, ఫ్యాక్టరీలోనే ఏసీ బిగించిన కారును చూపించింది. అందులో కంప్రెసర్‌ను ఆపే వీల్లేదు. ఇంజన్ తిరిగినంతసేపూ అదీ తిరిగేది. చలికాలంలో చల్లదనం వద్దనుకుంటే బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాల్సిందే. కారులో కూర్చున్నవాళ్ల చేతిలో ఉన్నది ఒక్క బ్లోయర్ స్విచ్చే. ఆ రోజుల్లో ఏసీని నడపడమంటే బ్లోయర్‌ని నడపడమే. ఇప్పటికీ చాలా బళ్లలో ఏసీ బటన్‌కు కరెంటు బ్లోయర్ స్విచ్ గుండానే వెళ్తుంది. బ్లోయర్ సున్నాలో ఉంటే ఏసీ బటన్ నొక్కినా లాభం లేదు. ఇది పొదుపు కోసం పెట్టింది కాదు. గాలి ఆడకపోతే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకట్టి మొత్తం వ్యవస్థే మొరాయిస్తుంది.

ఇప్పుడు రెసిస్టర్ దగ్గరికి వద్దాం. మోటారు వేగం దానికి అందే వోల్టేజీని బట్టి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్న బండిలో దాదాపు 14 వోల్టులుంటాయి. నాలుగో స్పీడులో అవన్నీ మోటారుకే. తక్కువ వేగం కావాలంటే దారిలో ఒక నిరోధం పెట్టి కొన్ని వోల్టులను అక్కడే వేడిగా ఖర్చు చేసేస్తారు. పాతకాలపు సీలింగ్ ఫ్యాన్లకు చేటంత రెగ్యులేటర్ పెట్టె ఉండేది, ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. అక్కడ జరిగిందీ ఇదే పని.

ఒక లెక్క వేద్దాం. అంకెలు బండి బండికీ మారతాయి, తర్కం మారదు. రెండో స్పీడులో దారిలో 1 ఓం నిరోధం ఉందనుకోండి. 7 ఆంపియర్లు పారుతుంటే ఆ నిరోధం దగ్గరే 7 వోల్టులు పోతాయి, మిగిలిన 7 మోటారుకు. రెసిస్టర్‌లో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని ఓములతో గుణిస్తే వస్తుంది, అంటే 49 వాట్లు. రేడియో రిపేరు చేసేవాళ్ల చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికి రెట్టింపు వేడి ఒక ప్లాస్టిక్ ముక్క మీద, గ్లవ్ బాక్స్ వెనక, గంటల తరబడి. అది కరిగిపోకుండా ఎలా ఉంటోంది?

తయారుచేసినవాళ్లు దాన్ని తీసుకెళ్లి బ్లోయర్ గాలి దారిలోనే నిలబెట్టారు. బ్లోయర్ విసిరే గాలే తన రెసిస్టర్‌ను చల్లబరుస్తుంది. నాకు ఈ ఏర్పాటు చాలా ఇష్టం. కానీ దీని బలహీనత కూడా ఇక్కడే ఉంది. గాలి తగ్గితే రెసిస్టర్‌కు చల్లదనం తగ్గుతుంది. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయినా, గాలి దారిలో ఆకులు చేరినా రెసిస్టర్ కాగిపోతుంది. దాని మీద ఉన్న చిన్న థర్మల్ ఫీజు తెగిపోతుంది. నిప్పు అంటుకోకుండా అది తన పని తాను చేసింది. నాలుగో స్పీడుకు మాత్రం ఈ ముక్కతో పని లేదు గనక అది నడుస్తూనే ఉంటుంది.

రెండో దోషి మోటారే కావచ్చు. బుష్‌లు ఎండిపోయి మోటారు బిగుసుకుంటే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. పై లెక్కలో 7 ఆంపియర్ల చోట 10 లాగిందనుకోండి. రెసిస్టర్‌లో వేడి 49 నుంచి 100 వాట్లకు ఎగబాకింది. కరెంటు సగం కూడా పెరగలేదు, వేడి రెట్టింపు దాటింది. వర్గం చేసే పని అది. పైగా మోటారుకు మిగిలింది 4 వోల్టులే కాబట్టి గాలి ఇంకా పడిపోయింది, చల్లబరిచేవాడు కూడా పోయాడు.

అందుకే మార్చిన రెసిస్టర్ నెలలోపే మళ్లీ కాలిపోతే డూప్లికేట్ సరుకని కొట్టువాణ్ని తిట్టడం కన్నా ముందు చేయాల్సిన పని ఉంది. క్లాంప్ మీటరుతో బ్లోయర్ ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడాలి. డీసీ కొలిచే క్లాంప్ మీటరే కావాలి, ఇళ్ల వైరింగ్‌కు వాడే, ఆల్టర్నేటింగ్ కరెంటు మాత్రమే కొలిచే రకం ఇక్కడ సున్నా చూపిస్తుంది. మీటరు లేకపోతే బ్లోయర్ చక్రాన్ని చేత్తో తిప్పి వదిలితే చాలు. మంచి మోటారు కాసేపు తిరిగి ఆగుతుంది, బిగిసిన మోటారు చెయ్యి తీయగానే నిలబడిపోతుంది. చచ్చిపోయిన భాగం చాలాసార్లు బాధితుడే, నేరస్థుడు పక్కన ఇంకా తిరుగుతూ ఉంటాడు. ఎలక్ట్రికల్ రిపేర్లలో సగం డబ్బు బాధితుణ్ని మార్చడానికే పోతుందని నా నమ్మకం.

ఫిర్యాదు తిరగబడితే, అంటే ఒకటి నుంచి మూడు దాకా గాలి వచ్చి నాలుగులో ఆగిపోతే, నాలుగుకు మాత్రమే ఉన్న దారిని చూడాలి. కొన్ని బళ్లలో దానికి విడి రిలే, విడి ఫీజు ఉంటాయి. ఏ ఒక్క మధ్య స్పీడో మాత్రమే పోతే స్విచ్ లోపలి కాంటాక్టో, రెసిస్టర్‌లో ఒక ముక్కో. మరీ పెద్ద చిక్కేమీ కాదు.

ఏ స్పీడులోనూ ఉలుకూ పలుకూ లేకపోతే కథ మొదటి నుంచి మొదలు. ముందు ఫీజు. అది తెగి ఉంటే కొత్తది వేయడానికి నిమిషం చాలు, ఎందుకు తెగిందో తెలుసుకోవడానికే బుర్ర కావాలి. బ్లోయర్ మోటారు లోపలి తీగచుట్టల నిరోధం 0.3 ఓం అనుకోండి. 1827లో ఓం చెప్పిన సూత్రం ప్రకారం 14 వోల్టులకు దాదాపు 47 ఆంపియర్లు పారాలి. కానీ పూర్తి వేగంలో నిజంగా పారేది 20 దగ్గర. మిగతా కరెంటు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, రానే లేదు. తిరుగుతున్న మోటారు తానే ఒక చిన్న డైనమోగా కూడా పనిచేస్తుంది. అయస్కాంతాల మధ్య తీగ కదిలితే అందులో వోల్టేజీ పుడుతుంది, అది వచ్చే కరెంటుకు ఎదురు నిలుస్తుంది. ఈ ఎదురు దిశను 1834లో లెంజ్ సూత్రంగా చెప్పాడు. మన మోటారు పూర్తి వేగంలో 8 వోల్టులు ఎదురు పుట్టిస్తే, 14లో మిగిలిన 6 వోల్టులే తీగచుట్టల్లోకి కరెంటును నెడతాయి. 6ను 0.3తో భాగిస్తే 20. లెక్క సరిపోయింది.

ఇప్పుడు ఆ చక్రం ఎలుక తెచ్చి పెట్టిన గుడ్డపీలికలకు చిక్కి ఆగిపోయిందనుకోండి. తిరగడం లేదు కాబట్టి ఎదురు వోల్టేజీ లేదు. 47 ఆంపియర్లూ పారతాయి, 30 ఆంపియర్ల ఫీజు నిలబడదు. కూరగాయల బళ్లకు ఎలుకల బెడద మరీ ఎక్కువ. వాటికి తిండి వెనకాల ట్రేలలో దొరుకుతుంది, గూడు డ్యాష్‌బోర్డు లోపల దొరుకుతుంది. మరి ఫీజు మాటిమాటికీ పోతోందని దాని చోట రాగితీగ చుట్టితే? ఫీజు మోటారును కాపాడటానికి పెట్టింది కాదు, తీగను కాపాడటానికి పెట్టింది. దాన్ని బలపరిస్తే తర్వాతి బలహీనమైన చోటు డ్యాష్‌బోర్డు వెనక తీగల కట్ట. అక్కడ పొగ మొదలైతే మనకు కనపడేది ఆలస్యంగానే.

ఫీజు బాగుండీ మోటారు తిరగకపోతే కార్బన్లను అనుమానించాలి. కార్బన్లంటే తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు, ఏళ్ల తరబడి అరిగి పొట్టివైపోతాయి. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు వెనక నెమ్మదిగా తట్టండి. కదిలిందంటే కార్బన్లు అయిపోయినట్టే. తట్టితే తిరిగింది కదా అని వదిలేసినవాళ్లు మళ్లీ ఎక్కడ తట్టాల్సి వస్తుందో ఎంచుకోలేరు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయడం, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే కాసేపు ఆగి మొదలుపెట్టడం అలవాటు చేసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్ తీగలను పరీక్షల కోసం ఎప్పుడూ తాకకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ మందిని తికమకపెట్టేది వోల్టేజీ. బ్లోయర్ కప్లర్, అంటే తీగలను మోటారుకు తగిలించే ప్లగ్గు, ఊడదీసి డిజిటల్ మల్టీమీటరు పెడతారు. 12 వోల్టులకు పైనే చూపిస్తుంది. కరెంటు వస్తోంది, మోటారే పోయిందని కొత్త మోటారు కొంటారు. బిగిస్తే అదీ తిరగదు. అబద్ధం ఆడింది మీటరు కాదు. దాన్ని అడిగిన ప్రశ్నే తప్పు. ఇలాంటి మీటర్ల నిరోధం చాలావాటిలో 10 మెగాఓములు, అంటే అవి లాగే కరెంటు ఆంపియర్‌లో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది. తుప్పు పట్టి ఒక్క పోగు మీద నిలిచిన తీగైనా అంత కరెంటును సునాయాసంగా ఇస్తుంది. కుక్కి మంచం ఎవరూ కూర్చోనంతసేపూ మంచంలాగే కనిపిస్తుంది. బరువు పడ్డాకే దాని సంగతి తెలిసేది.

కాబట్టి కప్లర్ తగిలించే ఉంచి, బ్లోయర్‌ను నాలుగులో పెట్టి, కరెంటు పారుతుండగా కొలవాలి. మోటారు రెండు కాళ్ల మధ్య 14కు దగ్గరగా ఉండి మోటారు తిరగకపోతే అప్పుడు మోటారు చచ్చినట్టు. అక్కడ 9 ఉంటే మిగిలిన 5 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. వాటిని వెతకడానికి మీటరు ఒక మొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది మోటారు పాజిటివ్ కాలి మీద పెట్టాలి. ఎర్తింగ్ వైపు కూడా అంతే, బ్యాటరీ నెగటివ్‌కూ మోటారు నెగటివ్‌కూ మధ్య. మంచి దారిలో అర వోల్టు లోపే పోతుంది.

తుప్పు పట్టిన కప్లర్ పిన్ను దగ్గర 0.2 ఓం నిరోధం చేరిందనుకోండి. ఓముల్లో కొలుస్తే మీటరు తీగల నిరోధమే దాదాపు అంత ఉంటుంది గనక ఏమీ తెలియదు. కానీ 15 ఆంపియర్లు పారుతున్నప్పుడు అక్కడ 3 వోల్టులు మాయమవుతాయి, 45 వాట్ల వేడి పుడుతుంది. బళ్లలో తరచుగా కనిపించే, ఒక పక్క గోధుమరంగుకు తిరిగి కరిగిన కప్లర్‌కు కారణం ఇదే. అలాంటి కప్లర్‌ను అలాగే ఉంచి మోటారు మార్చినా, రెసిస్టర్ మార్చినా ప్రయోజనం లేదు. పిన్నులతో సహా మార్చాలి.

ఈ విషయంలో పాత ఎలక్ట్రీషియన్ చేతిలోని టెస్ట్ ల్యాంప్ ఖరీదైన మీటరు కన్నా నిజాయితీగా మాట్లాడుతుంది. హెడ్‌లైట్ బల్బుకు రెండు తీగలు కట్టుకుంటే టెస్ట్ ల్యాంప్ తయారు. 55 వాట్ల బల్బు వెలగాలంటే నాలుగున్నర ఆంపియర్లు కావాలి. తుప్పు పట్టిన దారి అంత ఇవ్వలేదు, బల్బు మిణుకుమని ఊరుకుంటుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్ల కుప్పల మధ్య మల్టీమీటర్లు చవగ్గా దొరుకుతాయి. కొనండి, తప్పులేదు. బల్బును మాత్రం పారేయకండి.

అయితే ఈ బల్బును ఎక్కడబడితే అక్కడ పెట్టకూడదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు కంపెనీ డీ-మ్యాక్స్ పికప్‌లు తయారుచేస్తోంది. వాటిలో వీ-క్రాస్ లాంటి ఖరీదైన రకాల్లో ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ ఉంటుంది. ఇలాంటి ఆటోమేటిక్ బళ్లలో సాధారణంగా మెట్ల రెసిస్టర్ ఉండదు. దాని స్థానంలో మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉన్న పవర్ మాడ్యూల్ ఉంటుంది. కంప్యూటర్ పంపే సన్నని సిగ్నల్‌ను బట్టి అది మోటారు కరెంటును నియంత్రిస్తుంది. లావు తీగల మీద బల్బు పెట్టొచ్చు. సన్నని సిగ్నల్ తీగ మీద పెడితే రిపేరు బ్లోయర్ నుంచి కంప్యూటర్‌కు ఎదుగుతుంది. మాడ్యూల్ చెడిపోతే లక్షణం కూడా మారుతుంది. బ్లోయర్ అసలు తిరగకపోవడమో, తాళం తీసేసినా ఆగకపోవడమో, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవడమో.

ఇక మోటారు హోరున తిరుగుతూ గాలి మాత్రం అంతంతే వచ్చే బళ్లు. ఇక్కడ మీటర్లతో పని లేదు. ముందద్దం కింద జాలీ గుండా వేపాకు, కానుగ ఆకు లోపలికి జారి పేరుకుంటాయి. ఆకు చక్రానికి తగిలితే టకటకమని చప్పుడు కూడా వస్తుంది. క్యాబిన్ ఫిల్టర్ తీసేసి గాలి చూడండి. పెరిగితే రోగం, మందు రెండూ తెలిసినట్టే. మొదట బాగా వచ్చి, అరగంట ప్రయాణం తర్వాత గాలి సన్నగిల్లుతుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు గడ్డకడుతోంది. ఏసీ బటన్ ఆపి బ్లోయర్ మాత్రం నడిపితే పది నిమిషాల్లో మంచు కరిగి బండి కింద నీళ్లు కారతాయి, గాలి మళ్లీ వస్తుంది. కాయిల్ ఉష్ణోగ్రత చూసే సెన్సర్‌ను పరీక్షించాలి.

ఇంకో వింత ఉంది. కొత్త మోటారు వేశాక గాలి పాతదాని కన్నా తగ్గిందనుకోండి. తీగలు తారుమారై మోటారు ఎదురు దిక్కుకు తిరుగుతూ ఉండొచ్చు. టేబుల్ ఫ్యాన్ ఎదురు తిరిగితే గాలిని వెనక్కి విసురుతుంది. బ్లోయర్ అలా చేయదు. దాని చక్రం చుట్టూ నిలువు రెక్కలున్న డ్రమ్ము. గాలిని మధ్యలోంచి తీసుకుని అంచుకు విసరడమే దాని పని. ఎటు తిరిగినా గాలి అంచుకే పోతుంది, అక్కడి నుంచి అదే గొట్టంలోకి. రెక్కల వంపు కలిసిరాదు గనక జోరు మాత్రం తగ్గుతుంది. గాలి బయటికే వస్తోంది కదా అని తీగలను ఎవరూ అనుమానించరు.

హీటర్ సంగతి ఒక మాట. హైదరాబాద్‌లో హీటర్ ఎందుకని నవ్వుకునేవాళ్లు జులై వానలో మూసాపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ముందద్దం చూసి ఉండరు. ముగ్గురు కూర్చున్న క్యాబిన్‌లో ఊపిరి తేమ చల్లటి అద్దానికి తగిలి ఆవిరి పట్టేస్తుంది. కూలింగ్ కాయిల్ మీదుగా పోయిన గాలిలో తేమ నీరుగా కారిపోతుంది, ఆ పొడిగాలి హీటర్ మీదుగా వచ్చి వెచ్చబడితే అద్దం త్వరగా తేటపడుతుంది. ఏసీ, హీటర్ రెండూ కలిపి వాడటం పిచ్చిపని కాదు. బయటి గాలి వచ్చేలా మీట తిప్పడం మరవకూడదు. చలికాలం పొద్దున్నే లంబసింగి ఘాట్‌లో బండి దించే డ్రైవర్‌కు ఇది చెప్పక్కర్లేదు. అలాంటి చోట బ్లోయర్ పోవడమంటే చూపు పోవడమే. కాళ్ల దగ్గర తడి కనిపిస్తే మాత్రం ముట్టుకుని చూడండి. మామూలు నీళ్లయితే ఏసీ డ్రెయిన్ గొట్టం పూడింది. జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ కోర్‌లోంచి కూలెంట్ కారుతోంది, ఇంజన్ వేడెక్కే ప్రమాదం ఉంది.

చల్లదనమూ చిన్న లారీలూ ఈ ప్రాంతానికి కొత్త కావు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లు చేసింది. అదే ఆల్విన్ 1980లలో నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వెళ్లింది. ఎర్రగడ్డ ముందు నుంచి పోయే ముంబై హైవే మీదే, వంద కిలోమీటర్ల దూరంలో ఉంది అది. సామాను బళ్లలో డ్రైవర్‌కు చల్లగాలి మాత్రం చాలాకాలం కిటికీలోంచే. 2025లో అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం కొత్త లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి, కానీ మొత్తం బరువు 3.5 టన్నులు దాటిన వాటికే. పికప్‌లలో చాలావరకు ఆ గీతకు కిందే ఉండిపోయాయి. అదే ఎండలో, అంతకన్నా ఎక్కువ ట్రాఫిక్‌లో నడిచే బండికి ఆ గీత ఎందుకో నాకు అర్థం కాదు.

అందుకే బయట ఏసీ బిగించుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు ముందుగా చూడాల్సింది వైరింగ్. బ్లోయర్‌కు 20 ఆంపియర్ల దాకా, కండెన్సర్ ఫ్యాన్‌కు ఇంకో 10, కంప్రెసర్ క్లచ్‌కు 3 లేదా 4. ఇంత భారాన్ని ఉన్న స్విచ్ తీగలకు తగిలించకూడదు. బ్యాటరీ నుంచి విడి తీగ, దానికి తగిన ఫీజు బ్యాటరీ పక్కనే, మధ్యలో రిలే, ఎర్తింగ్‌కు రంగు గీకిన శుభ్రమైన ఇనుము ఉండాలి. ఏసీ లేని మోడల్‌కు కంపెనీ ఇచ్చిన ఆల్టర్నేటర్ ఈ అదనపు 30 పైచిలుకు ఆంపియర్లను, రాత్రి హెడ్‌లైట్లూ వైపర్లూ నడుస్తుండగా, ఇవ్వగలదో లేదో చూడాలి. అది ఎన్ని ఆంపియర్లదో సాధారణంగా దాని మీదే అచ్చేసి ఉంటుంది, అడ్వాన్సు ఇచ్చే ముందే బానెట్ ఎత్తి చదువుకోవచ్చు.